వెట్టి కాని త్యాగం: ఉత్తర తెలంగాణ నేలపై బలి, కృపల క్రైస్తవార్థం

క్రైస్తవ దైవశాస్త్రంలో బలి, కృప అనే రెండు భావనలు ఎప్పుడూ జంటగానే ప్రస్తావనకు వస్తాయి. అయితే ఆ రెంటిలో ఏది ముందుది, ఏది వెనుకది అన్న ప్రశ్న దగ్గర సంఘాలలో సాధారణంగా వినబడే బోధకూ బైబిలు గ్రంథాలు చెప్పే మాటకూ తరచుగా పొంతన కుదరదు. మనిషి ఏదో ఒకటి అర్పిస్తే దానికి బదులుగా దేవుడు కరుణిస్తాడన్నది లోకమంతటా వ్యాపించి ఉన్న ఊహ. క్రైస్తవ విశ్వాసం ఈ క్రమాన్ని తిరగవేసి, కరుణే ముందు వస్తుందనీ, అర్పణ దానికి జవాబుగా వెనుక నడుస్తుందనీ, ఆ జవాబును సైతం ఎవరూ బలవంతాన రాబట్టరాదనీ చెబుతుంది. కృప అంటే అర్హతను లెక్కలోకి తీసుకోకుండా, అడగకముందే, తిరిగి చెల్లించే స్తోమత లేనివారికి దేవుడు చూపే దయ అని స్థూలంగా నిర్వచించుకోవచ్చు. గోదావరికి దక్షిణాన సుల్తానాబాద్, పెద్దపల్లి నుంచి ఉత్తరాన మంచిర్యాల, ఆదిలాబాద్ వరకు పరుచుకున్న ఈ ప్రాంతంలో తాతముత్తాతల కాలాన వెట్టిచాకిరీ అనే వ్యవస్థ రాజ్యమేలినందువల్ల, బలవంతాన ఇచ్చుకున్నదానికీ ఇష్టపడి ఇచ్చినదానికీ గల తేడా ఇక్కడివారికి గ్రంథపఠనం వల్ల కాక బతుకు వల్లనే తెలిసింది. ఆ తెలివిడిని ఆధారం చేసుకొని సిలువ అర్థాన్ని పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

అర్పణ అన్నది ఈ నేలకు మిషనరీలు తెచ్చిన కొత్త సంగతి కాదు. పోచమ్మకు బోనం ఎత్తడం, మైసమ్మకు సాక పోయడం, బొడ్రాయి పండుగనాడు ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లడం, కోడినో మేకనో కోసి మొక్కు తీర్చుకోవడం ఇక్కడి ఊళ్లన్నింటికీ పరిచయమైన ఆచారాలే. మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజులలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఉత్తర తెలంగాణ పల్లెలు బండ్లు కట్టుకొని కదిలిపోవడం, మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని నిలువెత్తు బంగారమని పేర్కొంటూ సమర్పించడం అందరూ ఎరిగినదే. ఈ ఆచారాలను మూఢత్వమని తోసిపుచ్చిన పాతకాలపు క్రైస్తవ ప్రసంగీకులు వీటి లోపలి తర్కాన్ని పరిశీలించలేదనే చెప్పాలి. కలరా, మశూచి, కరువు ఊళ్లను ఊడ్చిపెట్టిన కాలంలో, తమ చేతిలో లేని శక్తులతో ఏదో ఒక సంబంధం నిలుపుకోవాలన్న ఆరాటం వీటిలో ఉంది. సమ్మక్క కథలో ఇంకొక విశేషం కూడా ఉంది. కరువులో ఉన్న కోయ ప్రజల నుంచి కప్పం వసూలు చేయడానికి వచ్చిన కాకతీయ సైన్యాన్ని ఎదిరించి ఆ తల్లీకూతుళ్లు ప్రాణాలు విడిచారని జనశ్రుతి చెబుతుంది. అంటే, బలవంతపు వసూలుకు ఎదురు నిలిచి తనను తాను అర్పించుకోవడమే ఆ జాతర వెనుక ఉన్న ఆదికథ. దాన్ని గుర్తించిన క్రైస్తవుడికి తన సొంత గ్రంథం మరింత దగ్గరవుతుందే తప్ప దూరం కాదు.

పాత నిబంధనలోని లేవీయకాండం దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థ బలి, అపరాధపరిహారార్థ బలి అనే ఐదు రకాల అర్పణలను వివరిస్తుంది. ఈనాటి పాఠకుడు సాధారణంగా దాటవేసే ఆ అధ్యాయాలలో రెండు సంగతులు శ్రద్ధగా చూడదగినవి. గొర్రెపిల్లను తేలేని పేదవాడు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చుననీ, వాటికి కూడా నోచుకోనివాడు కొద్దిపాటి పిండి తెస్తే చాలుననీ ఐదవ అధ్యాయం చెబుతుంది. ఏసును దేవాలయానికి తెచ్చిన రోజున మరియ యోసేపులు అర్పించినది కూడా ఆ పేదల అర్పణే అని లూకా సువార్త రెండవ అధ్యాయం వల్ల తెలుస్తుంది. ఇక రెండవది ఇంకా లోతైనది: బలిపీఠం మీద రక్తాన్ని ప్రాయశ్చిత్తం కోసం తానే మనుషులకు ఇచ్చానని పదిహేడవ అధ్యాయంలో దేవుడు అంటాడు. ఇచ్చేవాడు మనిషి, పుచ్చుకునేవాడు దేవుడు అన్న మామూలు లెక్క ఆ ఒక్క వాక్యంతో తారుమారవుతుంది. బలి సాధనాన్ని సమకూర్చేది కూడా దేవుడే అయినప్పుడు, దానితో ఆయనను కొనడమన్న ప్రసక్తే ఉండదు. హోషేయ, ఆమోసు, మీకా ప్రవక్తలు తర్వాతి కాలంలో బలులను తీవ్రంగా నిరసించడానికి కారణం కూడా ఇదే. తూకంలో మోసం చేస్తూ, పేదలను అప్పుకు తాకట్టు పెట్టుకుంటూ, ఆ సొమ్ముతోనే పొట్టేళ్లను తెచ్చి దేవుని నోరు మూయవచ్చని తలచిన సంపన్నుల మీద వారు ఆగ్రహించారు.

ఇక వెట్టి విషయానికి రావాలి. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పల్లెలలో దొరకూ, పట్వారీకీ, వచ్చిపోయే అధికారులకూ ఊరివారు కూలి లేకుండా చేయవలసిన చాకిరీని వెట్టి అన్నారు. మాల, మాదిగ కుటుంబాల నుంచి మనుషులు వంతులవారీగా దొర నివాసమైన గడికి వెళ్లాలి, మూటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి, కట్టెలు కొట్టాలి. చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టివ్వాలి, చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చుకుపోవాలి. దొర ఇంట పెండ్లయినా చావయినా ఊరంతా కానుకలు చెల్లించాలి. ఆ చెల్లింపును కానుక అనడంలోనే ఉన్న క్రూరత్వం అప్పటివారికి తెలియనిది కాదు. మాడపాటి హనుమంతరావు, ఆంధ్ర మహాసభ నాయకులు దీనిపై రాశారు, తీర్మానాలు చేశారు; చివరికి 1946లో మొదలైన సాయుధ పోరాటం దాకా జనం ఆగ్రహం పెరిగింది. భారత పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసినది 1976లో. దొరల ఆధిపత్యానికి ఎదురుగా రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర ఆ తర్వాత, 1978లో. గడి నీడ ఎంతకాలం నిలిచిందో ఈ సంవత్సరాలే చెబుతాయి.

ఈ వాతావరణంలోకి 1880ల దశకంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వైపు వచ్చింది. ఆ ప్రచారాన్ని విని బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు వెట్టి కింద నలిగిన మాల, మాదిగ వాడలవారే. వారు ఎందుకు విన్నారన్న ప్రశ్నకు బియ్యం కోసమనీ, బడి కోసమనీ, దొర నుంచి రక్షణ కోసమనీ రకరకాల సమాధానాలు చెప్పారు. ఆ సమాధానాలలో నిజం లేకపోలేదు, ఆకలిగొన్నవాడు అన్నం ఆశించడంలో సిగ్గుపడవలసినదీ లేదు. కాని వారు విన్న కథను కూడా పట్టించుకోవాలి. నీ బాంచన్ కాల్మొక్త అనడం తప్ప మరో పలకరింపు ఎరుగని మనిషి, యోహాను సువార్త పదమూడవ అధ్యాయంలో ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని, వంగి, శిష్యుల మట్టికాళ్లు కడిగాడని విన్నప్పుడు అతనికి తోచిన ఆశ్చర్యాన్ని ఐరోపాలోని ఏ వ్యాఖ్యాన గ్రంథమూ పట్టుకోలేదు. కాళ్లు మొక్కించుకోవడమే దొరతనానికి గుర్తుగా ఉన్నచోట, కాళ్లు కడిగే ప్రభువును ఊహించడమంటే లోకం అమరికనే వేరుగా ఊహించడం. పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖలో దేవుని స్వరూపం కలిగినవాడు తన్ను తాను ఖాళీ చేసుకొని దాసుని రూపం ధరించాడని చెప్పిన భాగాన్ని దైవశాస్త్రంలో రిక్తీకరణ సిద్ధాంతం అంటారు. గడి ముందు చేతులు కట్టుకొని నిలబడినవారి దృష్టిలో ఈ మాటకు ఒకే అర్థం: ఆ దేవుడు దొరల పక్షాన లేడు.

అయితే సిలువను వివరించడంలో క్రైస్తవ పండితులే దొర బొమ్మను తిరిగి దేవునికి అతికించిన సందర్భం ఒకటి ఉంది. పదకొండవ శతాబ్దపు చివర, 1098లో, కాంటర్బరీ ఆర్చిబిషప్ అన్సెల్ము దేవుడు మనిషిగా ఎందుకు అవతరించాడన్న ప్రశ్నపై ఒక గ్రంథాన్ని ముగించాడు. పాపం వల్ల దేవుని గౌరవానికి భంగం కలిగిందనీ, ఆ లోటును పూడ్చడం మనిషి బాధ్యతే అయినా అతనికి ఆ శక్తి లేదనీ, అందువల్ల దేవుడు-మానవుడు అయిన క్రీస్తే ఆ లోటును పూడ్చాడనీ ఆయన వాదం. దీన్ని పరితుష్టి సిద్ధాంతం అనవచ్చు. ఇది అప్పటి ఐరోపాలోని భూస్వామ్య మర్యాదల మీద నిలిచిన ఆలోచన. ప్రభువు గౌరవానికి భంగం కలిగితే రైతు దండుగ చెల్లించవలసిన సమాజంలో అది సులభంగా అర్థమైంది. అన్సెల్ము పట్ల న్యాయంగా ఒక మాట చెప్పాలి: తండ్రి కుమారుణ్ణి శిక్షించాడని ఆయన అనలేదు, శిక్షకు ప్రత్యామ్నాయంగానే పరితుష్టిని ప్రతిపాదించాడు. తర్వాతి శతాబ్దాలలో, ముఖ్యంగా సంస్కరణోద్యమ కాలంలో, మనిషికి పడవలసిన శిక్షను క్రీస్తు అనుభవించాడన్న వాదం బలపడింది. సిలువలో పాపం తీవ్రతను కప్పిపుచ్చకుండా చూపడం ఆ వాదంలోని బలం. కాని ఈనాటికీ గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ఆరాధనలో కొందరు బోధకులు కోపంతో ఊగిపోతున్న తండ్రినీ, ఆ కోపానికి అడ్డుపడిన కుమారుణ్ణీ చిత్రించినప్పుడు, వినేవారి మనసులో నిలిచేది దండుగ చెల్లితే గాని శాంతించని దొర బొమ్మే. రోమా పత్రిక ఐదవ అధ్యాయం ఇందుకు భిన్నంగా, మనుషులు ఇంకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు వారికోసం చనిపోవడం ద్వారా దేవుడు తన ప్రేమను వెల్లడించాడని చెబుతుంది. ఆ ప్రేమ సిలువ వల్ల పుట్టలేదు, సిలువకు ముందే ఉంది, సిలువకు కారణం అదే.

దైవశాస్త్ర చరిత్రలో వేరే దారులూ లేకపోలేదు. పన్నెండవ శతాబ్దంలో దైవశాస్త్రవేత్త అబెలార్డు సిలువ చూపిన ప్రేమ మనిషి హృదయాన్ని మారుస్తుందని అన్నాడు. స్వీడన్ పండితుడు గుస్తావ్ ఔలేన్ 1930 ప్రాంతంలో, పాపమరణాల మీద క్రీస్తు సాధించిన విజయంగా సిలువను అర్థం చేసుకున్న తొలి శతాబ్దాల దృష్టిని మళ్లీ ముందుకు తెచ్చాడు. తెలుగువాడైన పాండిపెద్ది చెంచయ్య (1886–1959), 1938లో మద్రాసు నుంచి వెలువడిన క్రైస్తవ పునరాలోచన సంపుటంలో పాల్గొన్న ఆలోచనాపరుడు, పరిహారపు లెక్కల మీద ఆసక్తి చూపకుండా, క్రీస్తులో ఒక కొత్త సృష్టి మొదలైందన్న అంశాన్ని కేంద్రంగా తీసుకున్నాడు. నెల్లూరులో పుట్టి న్యాయవాదిగా, న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి న్యాయస్థానపు పరిభాషను సిలువకు అన్వయించడానికి ఇష్టపడకపోవడం గమనించదగినది. అయితే చెంచయ్య ఆలోచనలో సిలువ మీది నొప్పికి తగినంత చోటు దొరకలేదన్నది ఈ ఉపన్యాసకర్త అభిప్రాయం. వాడలలోని విశ్వాసులకు కొత్త సృష్టి ఎంత అవసరమో, తమ నొప్పి తెలిసిన దేవుడు అంతకన్నా అవసరం.

ఆ నొప్పికి హెబ్రీ పత్రిక చూపిన చోటు ఈ ప్రాంతపు క్రైస్తవులకు అన్నింటికన్నా దగ్గరిది. ప్రాయశ్చిత్త దినాన బలి పశువుల రక్తాన్ని ప్రధాన యాజకుడు పరిశుద్ధ స్థలంలోకి తీసుకుపోయేవాడు, కళేబరాలను మాత్రం పాళెం వెలుపల కాల్చేవారు. పాళెం అంటే ఇశ్రాయేలీయులు అరణ్యంలో గుడారాలు వేసుకున్న నివాసస్థలం. కుష్ఠరోగులు ఉండవలసినది కూడా ఆ వెలుపలే. ఏసు కూడా గవిని వెలుపలే శ్రమపడ్డాడనీ, కనుక ఆయన నిందను మోస్తూ విశ్వాసులు పాళెం వెలుపలికి ఆయన దగ్గరకు వెళ్లాలనీ ఆ పత్రిక పదమూడవ అధ్యాయం చెబుతుంది. తెలంగాణ పల్లె అమరిక ఎరిగినవారికి ఈ వాక్యాలకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఊరు ఒకచోట, మాలవాడ, మాదిగవాడ దానికి ఎడంగా మరోచోట ఉంటాయి. చచ్చిన పశువును ఈడ్చుకుపోయేది ఆ వెలుపలికే, దాన్ని ఈడ్చుకుపోయే మనిషిని ఉంచేదీ ఆ వెలుపలే. దేవుని కుమారుడు చనిపోయిన చోటు కూడా అదే అయితే, పవిత్రస్థలం ఊరి నడిబొడ్డున ఉందనుకున్నవారే ఆయన్ను చూడడానికి నడిచి రావాలి. 1980ల తొలినాళ్లలో అరవింద్ పి. నిర్మల్ వంటి వారు దళిత దైవశాస్త్రానికి రూపం ఇచ్చినప్పుడు సేవకుడైన దేవుడు, వేదన ఎరిగిన దేవుడు అన్న భావనలనే ఆధారం చేసుకున్నారు. అంతకు చాలా ముందే గుర్రం జాషువా (1895–1971) తన పద్యంలో అంటరాని మనిషి మొరను కాశీ దాకా పంపాడు. కరుణామూర్తిగా క్రీస్తును చిత్రించిన ఆయన కావ్యం క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. జాషువాను దళిత కవిగా చదివేవారూ, క్రైస్తవ కవిగా చదివేవారూ వేర్వేరుగా ఉండిపోవడం తెలుగు విమర్శకు కలిగిన నష్టం.

బలిని గురించి ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనే జిరార్డ్ 1972 నుంచి వెలువరించిన గ్రంథాలు ఇక్కడ ఇంకొక కోణాన్ని తెరుస్తాయి. కష్టకాలంలో సమాజం తన లోపలి కలహాన్నంతా ఒక నిస్సహాయుడి మీదికి మళ్లించి, అతణ్ణి చంపి లేదా వెళ్లగొట్టి శాంతిని పొందుతుందనీ, తర్వాత అతడు దోషి అనే నమ్ముతుందనీ జిరార్డ్ వివరించాడు. సువార్తలు మాత్రం కథను బలి అయినవాడి పక్షాన నిలబడి చెబుతూ, ఇతడు నిర్దోషి అని ప్రకటించి ఆ గుట్టును బయటపెట్టాయని ఆయన వాదం. ఉత్తర తెలంగాణలో బాణామతి, చేతబడి నెపంతో ఒంటరి ముసలివాళ్లనూ విధవలనూ కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం పత్రికలు పదేపదే నమోదు చేసిన వాస్తవం. బిడ్డ జ్వరంతో చనిపోయినా, పశువు పడిపోయినా, పంట ఎండినా, దోషాన్ని మోపడానికి ఒక మనిషి కావాలి; అందుకు ఎంపికయ్యేది ఎప్పుడూ వెనుక ఎవరూ లేని మనిషే. సిలువను ఆరాధించే సంఘం అటువంటి పంచాయితీ జరిగే రోజున ఆ మనిషి పక్కన నిలబడకపోతే, ఆదివారం నాడు సిలువ గురించి అది పాడే పాటలకు విలువ లేదు. ఏసు బలి ఒక్కసారే జరిగిందని, మళ్లీ జరగవలసిన పని లేదని హెబ్రీ పత్రిక పదవ అధ్యాయం గట్టిగా చెప్పడంలోని సామాజికార్థం ఇదే: ఇక మీదట ఎవరి రక్తమూ దేవునికి అక్కర్లేదు.

ఈ ప్రాంతానికి వచ్చిన మిషన్ వెస్లియన్ సంప్రదాయానిది కావడం వల్ల కృపను గురించిన ఒక ప్రత్యేకమైన బోధ కూడా దానితో పాటు వచ్చింది. 1738 మే 24 రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో తన హృదయం వెచ్చబడిన అనుభవం పొందిన జాన్ వెస్లీ, మనిషి దేవుని వైపు తిరగకముందే దేవుని కృప అతనిలో పనిచేస్తూ ఉంటుందని బోధించాడు. దాన్ని పూర్వగామి కృప, అంటే ముందే నడిచి వచ్చే కృప అనవచ్చు. ఈ బోధను నిజంగా నమ్మితే, మిషనరీ రాకముందే ఈ నేలమీద దేవుడు ఉన్నాడని ఒప్పుకోక తప్పదు. ధర్మపురి నరసింహుణ్ణి శతకంగా వేడుకున్న శేషప్ప కవి, చివరి గడియలో నోరు పలుకుతుందో లేదో కనుక ఇప్పటి స్మరణనే అప్పటి లెక్కలో వేసుకొమ్మని అడిగిన దైన్యంలోనూ, పోతన భాగవతంలో బలమంతా ఉడిగాక మొరపెట్టిన గజేంద్రుడి శరణాగతిలోనూ అర్హతను వదులుకున్న మనిషి గొంతే వినబడుతుంది. శ్రీవైష్ణవంలో పిల్లి తన కూనను నోటకరచుకొని పోయినట్టు దేవుడే రక్షిస్తాడనేవారికీ, కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడు కూడా పట్టు విడవరాదనేవారికీ మధ్య జరిగిన మార్జాల, మర్కట న్యాయాల వాదం, అగస్టీను, పెలాగియసుల మధ్య ఐదవ శతాబ్దంలో కృప గురించి నడిచిన వాదానికి అచ్చమైన చుట్టం. తేడాలు లేవని కాదు. క్రైస్తవంలో కృప, రోమా సైనికులు మేకులు కొట్టిన ఒక చారిత్రక మరణంతో విడదీయరానిది. అయినా తోటి తెలుగువారి భక్తిని చీకటి అని పిలిచే బోధకుడు వెస్లీ శిష్యుణ్ణని చెప్పుకోవడం మాత్రం తగదు.

కృప ఉచితమైతే మనిషి చేయవలసినది ఏమీ లేదా అన్న అనుమానం పౌలు కాలం నుంచీ ఉంది. హిట్లరు పాలనను ఎదిరించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కిన జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్, 1937 నాటి తన గ్రంథంలో, పశ్చాత్తాపమూ అనుసరణా లేకుండా పంచిపెట్టే కృపను చౌకబారు కృప అని తూర్పారబట్టాడు. వెల లేనిదంటే విలువ లేనిదని కాదు గదా. ఇచ్చినవాడు తన ప్రాణంతో ఇచ్చాడు కనుకనే పుచ్చుకున్నవాడు తన జీవితాన్ని మార్చుకుంటాడు. క్రైస్తవ త్యాగం సరిగ్గా ఇక్కడ పుడుతుంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠరోగ చికిత్సాలయం ఇందుకు మంచి ఉదాహరణ. వెస్లియన్ మిషనుకు చెందిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ ఊరి వెలుపలికి తరిమివేయబడిన రోగులకు చికిత్స చేయాలనుకుంది. అందుకు పెద్ద మొత్తంలో ధనసాయం చేసినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. పాళెం వెలుపలికి వెళ్లమన్న హెబ్రీ పత్రిక పిలుపు ఒక క్రైస్తవ వైద్యురాలి చేతులతోనూ, ఒక క్రైస్తవేతరుడి డబ్బుతోనూ కలిసి నెరవేరింది. ముందే నడిచి వచ్చే కృప గురించి వెస్లీ చెప్పినదానికి ఇంతకు మించిన నిదర్శనం వెతకనక్కర్లేదు.

అదే వెస్లియన్ మిషన్ కట్టించిన మెదక్ కెథడ్రల్ విషయం కొంచెం చిక్కైనది. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ దేవాలయం, కరువుకాలంలో పనికి ఆహారం పద్ధతిన వేలమంది చేతుల మీదుగా లేచిందని అందరూ గర్వంగా చెప్పుకుంటారు. ఆకలితో చావవలసినవారు బతికారన్నది నిజం, అది చిన్న సంగతి కాదు. కాని రాళ్లు మోసినవారు తిన్నది తమ కష్టార్జితం, దాన్ని కృప అని చెప్పడం సరికాదు. కూలిని దయగా చెప్పుకోవడం గడి భాష, సంఘానికి అది అక్కర్లేదు. ఆ గోపురం 175 అడుగుల ఎత్తున నిలవడానికి పాస్నెట్ దీక్ష ఎంత కారణమో పేరు లేని ఆ కూలీల శ్రమ అంతే కారణమని చెప్పడమే న్యాయం.

దోర్నకల్‌ను కేంద్రంగా చేసుకొని 1912 నుంచి 1945లో మరణించేవరకు బిషప్‌గా పనిచేసిన వేదనాయకం సామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, పేద సంఘాలకు కూడా ఇవ్వడం నేర్పాలని పట్టుబట్టాడు. వంటకు ముందు గుప్పెడు బియ్యం విడిగా తీసిపెట్టడం, కోత పండుగనాడు తొలి పంటలోంచి కొంత తేవడం ఆనాటి పల్లె సంఘాలలో స్థిరపడ్డాయి. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే లోకం చూసిన మనిషి తాను కూడా ఇవ్వగలవాణ్ణని తెలుసుకోవడంలో ఒక గౌరవం ఉంది. అజరయ్య ఉద్దేశం అదేననుకోవచ్చు. అయితే ఈ బోధ ఏ క్షణాన వసూలుగా మారుతుందో కనిపెట్టుకొని ఉండాలి. మార్కు సువార్త పన్నెండవ అధ్యాయంలో రెండు కాసులు వేసిన విధవరాలి కథను ప్రతి సంఘంలోనూ కానుకల ప్రసంగానికి వాడతారు, కాని ఆ కథకు సరిగ్గా ముందు వాక్యంలోనే విధవరాళ్ల ఇళ్లను మింగివేసే శాస్త్రులను ఏసు ఖండించాడనీ, కథ తర్వాత ఆ దేవాలయం రాతిమీద రాయి లేకుండా కూలిపోతుందని చెప్పాడనీ ఎవరూ చదవరు. మొత్తం కలిపి చదివితే ఆమె చేసిన త్యాగం మెచ్చుకోలుకు ఎంత తగినదో, ఆమె చేతిలో మిగిలిన ఆఖరి కాసును కూడా తీసుకున్న వ్యవస్థ అంత నేరం చేసినట్టు తేలుతుంది. విత్తనం వేసినట్టు కానుక వేస్తే వందరెట్లు పంట వస్తుందని నేడు టీవీలలోనూ సభలలోనూ వినిపించే సంపద బోధ, పాత మొక్కుబడి లెక్కనే బైబిలు మాటలతో తిరిగి తెచ్చింది. పైగా పోచమ్మకు మొక్కిన మనిషికి తన మొక్కు ఎంతో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉండేది.

ఇంతకన్నా లోతైన గాయం ఇళ్లలో ఉంది. గల్ఫ్ దేశాలకు వెళ్లిన భర్త అప్పు తీర్చుకుంటూ ఏళ్ల తరబడి ఒంటరిగా సంసారాన్ని ఈదే స్త్రీకీ, తాగి కొట్టే భర్తతో వేగుతున్న స్త్రీకీ, సిలువ మోయాలమ్మా అని చెప్పే ఓదార్పు ఉత్తర తెలంగాణ సంఘాలలో ఈనాటికీ వినబడుతుంది. ఏసు తన ప్రాణాన్ని ఎవరూ తన దగ్గర నుంచి తీసుకోలేరనీ, తానే దాన్ని పెడుతున్నాననీ యోహాను సువార్తలో చెప్పాడు. ఎవరో తీసుకున్నదాన్ని త్యాగమని పిలిస్తే అది వెట్టికి పెట్టిన ముద్దుపేరు. ఇదే జిల్లాలలో ఆడపిల్లలను చిన్ననాడే దేవతకు జోగినిగా అంకితం చేసే ఆచారాన్ని 1988లో చట్టం నిషేధించినప్పుడు ఎవరి పేరున ఎవరిని అర్పిస్తున్నారన్న ప్రశ్న సమాజం ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నను క్రైస్తవ సంఘం తనకు తానే వేసుకోవాలి. ఒకరి త్యాగంతో మరొకరు సుఖపడుతూ, దాన్ని పవిత్రమని కీర్తించే ప్రతిచోటా సిలువ అర్థం తప్పుదారి పట్టినట్టే. పౌలు రోమా పత్రిక పన్నెండవ అధ్యాయంలో శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకొమ్మని కోరేటప్పుడు ఆజ్ఞాపించలేదు, దేవుని వాత్సల్యాన్ని గుర్తుచేసి బతిమాలాడు.

 క్రైస్తవ ఆరాధనకు నడుమ ఉన్న ప్రభు సంస్కారం క్రీస్తు మరణానికి స్మారకం. రొట్టె విరిచి పంచేటప్పుడు ఎవరు ఎంత చెల్లించారని అడగరు, మోకరించిన ప్రతివారి చేతిలోనూ అంతే ముక్క పెడతారు. ఆ బల్ల దగ్గర పాటించే నియమాన్ని కానుకల పళ్లెం దగ్గర కూడా పాటించడం సుల్తానాబాద్ నుంచి మంచిర్యాల వరకు ఉన్న సంఘాలకు అసాధ్యమేమీ కాదు. కోత పండుగనాడు మైకులో దాతల పేర్లూ వారిచ్చిన మొత్తాలూ చదవడం మానాలి. విధవల నుంచీ రోజుకూలీల నుంచీ దశమభాగం అడగడం మానాలి. సంఘానికి వచ్చినదాంట్లో తొలి వాటాను అప్పుల్లో చిక్కిన కుటుంబాలకు కేటాయించి, ఏడాదికోసారి లెక్కలను గుడి గోడమీద అందరికీ కనబడేలా అంటించాలి. సంఘ పెద్దలు ఈ పనులన్నిటినీ రాబోయే కోత పండుగ నుంచే మొదలుపెట్టాలని ఈ వేదిక నుంచి విన్నపం.